కోడికాలు ఇరిగితే పశువుల ఆసుపత్రికి తీసుకపోయినాం – ఆసుపత్రి గురించి, కట్టు గుడ్డ గురించి నా రివ్యూ

మా జేజి సాకిన చుక్కపెట్ట కాలు ఇరిగింది నా చేతిలోనే. తెల్లారకముందే నాలుగున్నరకి కరెంటు వచ్చిందని మోటారు వేయను కయ్యకాడికి పోతా, కోళ్ల గూడు రేకు తలుపు తీసి మల్ల దడాలున వదిలేసినా, నా వెనకాలే బయటికి దూకబోయిన పెట్ట కాలు తలుపుకూ గడపకూ నడుమ ఇరుక్కునింది. అది అరిచిన అరుపు ఇంగా నా చెవుల్లోనే ఉండాది. సెల్లు లైటు వేసి చూస్తే కుడికాలు, పొలుసులుండే సన్నకాలు ఉంటాది చూడండి, ఆడ నడిమికి వంగిపోయి పక్కకు తిరిగింది, రోంత తోలు చీలి రక్తం గూడా వచ్చింది.

మాది మైదుకూరు పక్క పల్లె. మా జేజికి 78 ఏండ్లు, ఆమెకి ఉండేవి 9 నాటుకోళ్లు, అండ్ల ఈ చుక్కపెట్ట అంటే ప్రాణం. మూడు తూర్లు పొదిగింది, పోయిన తూరి 11 గుడ్లకు 10 పిల్లలు లేపింది, గద్ద వస్తే పిల్లల్ని రెక్కల కింద పెట్టుకొని ఎదురుతిరుగుతాది. అట్లాంటి దాన్ని ఒళ్లో పెట్టుకొని జేజి ఒక్క మాట మాట్లాడకుండా కూర్చునింది, నన్ను గూడా ఏమీ అనలా, అనింటే రోంత తేలిగ్గా ఉండేది నాకు.

తెల్లారేసరికి వీధి వీధంతా వచ్చి చూసినారు. అందరిదీ ఒకటే మాట, పెద్దమ్మా ఇంగ అది నిలబడదు, మాపటికి సంగటి కెలుకు, పులుసు పెడదాం అని. వాళ్లది తప్పనను, మన సీమలో కాలిరిగిన కోడికి తరతరాలుగా జరిగేది అదే. ఒకాయన మాత్రం నల్లేరు దంచి వెదురు బద్దలతో కట్టుకడదాం, పుత్తూరులో మనుషులకు కట్టడం లేదా అన్నాడు. ఆయన మాటలో నిజం ఉందని నాకు తర్వాత తెలిసింది, ఎందుకంటే ఆసుపత్రిలో డాక్టరు చేసిందీ అదే యవ్వారం, బద్ద పెట్టి కదలకుండా కట్టడం. కాకపోతే ఎంత బిగువు కట్టాలి, యాడికాడికి కట్టాలి, యాడ కట్టగూడదు అనేది తెలిసి చేసింది, అక్కడే ఉండాది తేడా అంతా.

ఆసుపత్రి అంటే సర్కారు పశువుల ఆసుపత్రే, మా ఇంటికాడి నుంచి ఆటోలో అరగంట. డాక్టరమ్మ పేరు గానీ ఊరి పేరు గానీ రాయొద్దనింది, రాస్తే చుట్టుపక్కల మండలాల నుంచి గూడా అందరూ ఆమె ఒక్కదాని మీదికే వస్తారని, మీ మీ మండలంలో గూడా డాక్టర్లు ఉండారు ముందు ఆడికి పోండి అని చెప్పమనింది, అందుకే రాయలా. 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు మన ఊరికే వస్తాది, మన రాష్ట్రంలో ఆ బండ్లు 2022 మే నెలలో మొదలైనాయి, కానీ అది లేవలేని బర్రెకో ఆవుకో అక్కరకొచ్చే బండి, కోడి అట్టపెట్టెలో పడుతుంది కదా అని మేమే పోయినాం.

పోయేముందర నేను రెండు తప్పులు చేసినా, మీరు చేయొద్దని రాస్తాండా. ఒకటి, పెట్టను పట్టుకున్నప్పుడు ఎగరకుండా ఎదురొమ్ము కాడ గట్టిగా అదిమి పట్టుకున్నా. డాక్టరమ్మ చూడంగానే మొదట అనింది అదే, చెయ్యి తీయి ముందు అని. కోడికి మనకున్నట్టు ఊపిరి లాగే డయాఫ్రం ఉండదంట, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ ఆడితేనే గాలి లోపలికి పోతాదంట, మనం రొమ్ము పిండితే అరుపు గూడా లేకుండా ఊపిరాడక చచ్చిపోతాదంట. రెక్కలు మాత్రం ఒంటికి ఆనించి, టవలు వదులుగా చుట్టి, కండ్ల మీదికి గుడ్డ కప్పాల. చీకటైతే కోడి దానంతటదే నెమ్మదిస్తాది. ఆమె టవలు కప్పినాక మా పెట్ట మెడ వాల్చేసి కదలకుండా ఉండిపోయింది, జేజి అయితే పోయిందనుకొని ఏడుపు ఎత్తుకునింది పాపం.

రెండో తప్పు మందుల అంగడిది, నాది గూడా. దారిలో ఒక మెడికల్ షాపులో అడిగితే ఆయన కోడికా పశువుకా అని గూడా సరిగ్గా వినకుండా నొప్పి మందు అని డైక్లోఫెనాక్ చేతిలో పెట్టినాడు. నేను 20 రూపాయలిచ్చి జోబులో వేసుకున్నా. డాక్టరమ్మకి చూపిస్తే ఆమె మొహం మారిపోయింది. పక్షుల మూత్రపిండాలకి అది విషమంట. మన దేశంలో రాబందులు లేకుండా పోయింది దానివల్లేనంట, ఆ మందు వేసిన పశువు చస్తే ఆ కళేబరం తిని రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోయినాయంట, అందుకే పశువులకి దాన్ని వాడగూడదని 2006 లోనే నిషేధం పెట్టినారు. రాబందుల సంగతి నేను విన్నా గానీ, అదే మాత్ర నా జోబులో మా జేజి కోడికోసం ఉందంటే చేతులు వణికినాయి. పారాసెటమాల్ అని, మనుషుల జెల్ అని, చర్మం మొద్దుబారే క్రీములని ఇంట్లో ఉండేవి ఏవీ సొంతంగా వేయొద్దు, కోడికి నొప్పి మందు ఉండాది కానీ దాని బరువు చూసి డాక్టరు లెక్కగట్టి ఇస్తారు అనింది. మా పెట్టను తూకం వేస్తే కిలో 600 గ్రాములు, దాని లెక్కన మెలాక్సికామ్ చుక్కలు రాసిచ్చింది. ఎన్ని చుక్కలు అనేది నేను ఈడ రాయను, మీ కోడి బరువు వేరే, దాని యవ్వారం వేరే.

ఇంగ ఆసుపత్రి ఎట్లుండాదంటే. మేం పోయేసరికి తొమ్మిదిన్నర, ముందర ఆవులు బర్రెలు ఎదకు వచ్చినాయని ఇంజక్షన్ కోసం తోలుకొచ్చినోళ్లు, గొర్రెలకి నట్టల మందు కోసం వచ్చినోళ్లు ఇరవైమంది దాకా ఉండారు. గంటన్నర పట్టింది మా వంతు వచ్చేసరికి. గేటుకాడ ఉండే మనిషి కోడికి గూడా ఓపీ చీటీ కావాల్నా అని నవ్వినాడు, క్యూలో ఉండేవాళ్లు గూడా నవ్వినారు, జేజి తలొంచుకొని పెట్టె మీద కొంగు కప్పుకునింది. నాకు అది శానా బాధనిపించింది. వేలు పెట్టి కొనే పొట్టేలుకే వైద్యం, 500 రూపాయల పెట్టకి వైద్యం లేదా? లోపలికి పోయినాక మాత్రం డాక్టరమ్మ ఒక్కమాట తేడాగా మాట్లాడలా. రా అవ్వా కూర్చో, ఎప్పుడు తగిలింది, తింటాందా, నీళ్లు తాగిందా, రెట్ట ఏ రంగులో ఉండాది అని బర్రెకు అడిగినట్టే అన్నీ అడిగి రాసుకునింది.

ఆమె పరీక్ష చేసిన పద్ధతి రాయాల. ముందు బాగున్న కాలు పట్టుకొని చూసింది, ఆమీట ఇరిగిన కాలు, రెండింటికీ తేడా చేత్తో తెలుస్తాదంట. వేళ్లు వెచ్చగా ఉండాయా చల్లగా ఉండాయా తాకి చూసింది, వేలి కొసన మెల్లగా గిల్లితే పెట్ట కాలు లాక్కునింది, అప్పుడు ఆమె మొహంలో నవ్వు వచ్చింది, నరం బాగుంది రక్తం ఆడతాండాది, ఈ కాలు నిలుస్తాది అవ్వా అనింది. వేళ్లు చల్లబడి నల్లబడి ఉంటేనో, ఎముక తోలు చీల్చుకొని బయటికి వచ్చింటేనో కష్టమంట. కోడి ఎముక పలచన, లోపల గుల్ల, అందుకే పుటుక్కున ఇరుగుతాది, కానీ అతుక్కునేది గూడా మనకన్నా బిరీన, మామూలుగా మూడు వారాల్లో గట్టిపడతాది అని చెప్పింది. 21 రోజులు కదలకుండా చూసుకోవాల అంటే జేజి ఒక మాట అనింది, అది పిల్లల కోసం 21 రోజులు కూర్చుంటాది గదమ్మా, దాని కోసం మనం కూర్చోలేమా అని. డాక్టరమ్మ రాసేది ఆపి జేజినే చూసింది కొంచేపు.

ఎక్స్‌రే ఆ ఆసుపత్రిలో లేదు. ఇది నా మొదటి కంప్లయింటు. అనుమానంగా ఉంటే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉండాది, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింది కాలేజీ, ఆడికి రాసిస్తా అనింది, కానీ ఈ ఇరుపు చేతికే తెలుస్తాండాది, అంత దూరం తిప్పితే పెట్టకే కష్టం అని ఆమే చెప్పింది. తొడ భాగంలో ఇరిగింటే మాత్రం కట్టుకి అందదంట, అది వేరే వైద్యం.

చీలిన తోలుని సెలైన్‌తో కడిగి, పోవిడోన్ అయోడిన్‌ని నీళ్లలో పలచగా, టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా కలిపి తుడిచింది. ఇంటికాడ పసుపు పెట్టినాం మేము, తిట్టలా, కానీ పొడి గడ్డకట్టి లోపల చీము పడితే కనపడదు, కడగడమే ముఖ్యం అనింది. మన ఎండలకి ఈగ వాలితే ఒక్కరోజులో పురుగు పడతాది, పుండు తెరిచి పెట్టొద్దు అనింది. ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాసింది, ఆ మందు వేసేటప్పుడూ, ఆపినాక ఆమె చెప్పినన్ని రోజులూ గుడ్డు పెడితే తినగూడదు. మా పెట్ట ఎట్లాగూ గుడ్లు ఆపేసింది, దెబ్బ తగిలిన కోడి ఆపేస్తాదంట.

ఇంగ కట్టు. ఇదే నేను అందరికీ చెప్పాలనుకునేది. ఐస్‌క్రీం పుల్లలు రెండు తీసుకొని కాలు కొలతకి తుంచి కొసలు నున్నగా చేసింది, కాలు చుట్టూ దూది మందంగా చుట్టి, మెల్లగా లాగి వరసకి తెచ్చి, రెండు పక్కలా పుల్లలు పెట్టి, దాని మీద రంగు బ్యాండేజ్ చుట్టింది. దానికదే అంటుకునే బ్యాండేజ్ అది, కోహెసివ్ బ్యాండేజ్ అని అడగాల షాపులో. ఆసుపత్రిలో స్టాకు లేదు, బయట కొనుక్కొచ్చినాం, రెండంగుళాల రోల్ 140 రూపాయలు పడింది మాకి. మొత్తం ఖర్చు ఆటోతో కలిపి 600 లోపే, డాక్టరు ఫీజు అని ఒక్క రూపాయి తీసుకోలా.

ఈ బ్యాండేజ్ గురించి మంచీ చెడూ రెండూ చెప్తా. మంచి ఏందంటే బంక ఉండదు, ఈకలకీ తోలుకీ అతుక్కోదు, మామూలు ప్లాస్టరు వేస్తే విప్పేటప్పుడు ఈకలు ఊడొస్తాయి, పొలుసు లేస్తాది, ఇది ఉల్లిపొర మాదిరి వచ్చేస్తాది. తేలిక. నీటి తుంపర పడితే ఆరిపోతాది గానీ తడిసి ముద్దయితే మార్చాల్సిందే, లోపల దూది కుళ్లుతాది. చెడు ఏందంటే అది రబ్బరు మాదిరి సాగుతాది, లాగి చుట్టినామంటే చుట్టినాక గూడా బిగుస్తానే పోతాది. రెండో రోజు రాత్రి అదే జరిగింది. ఒక కొస ఊడిందని నేను ఇంట్లో మల్ల చుట్టినా, గట్టిగా ఉంటే మంచిదనుకొని లాగి చుట్టినా. పదకొండు గంటలప్పుడు జేజి లేచి చూస్తే వేళ్లు ఉబ్బి ఊదా రంగుకి తిరిగినాయి. డాక్టరమ్మకి ఆ టైంలో ఫోన్ చేయొచ్చో లేదో అని భయపడతానే చేసినా, ఎత్తింది. ముందు విప్పు, తర్వాత మాట్లాడు అనింది. విప్పినాక చెప్పింది, రోల్‌లోంచి కావలసినంత గుడ్డ ముందే విడదీసుకో, సాగింది మల్ల వెనక్కి రానీ, అప్పుడు ఉత్త గుడ్డ మాదిరి వదులుగా చుట్టు, వేళ్ల పక్కనుంచి పైకి చుట్టుకుంటా పో, వేళ్లు మాత్రం బయటే పెట్టు అని. అట్ల చుట్టినా. గంటలో వేళ్లు మామూలు రంగుకి వచ్చినాయి. ఆ రాత్రి జేజి నిద్రపోలా, నేనూ పోలా. అప్పటి నుంచి పొద్దున మధ్యాన్నం మాపటేళ మూడు తూర్లు వేళ్లు తాకి చూడటం మా ఇంట్లో అందరికీ పనైపోయింది, మా పాప బడి నుంచి వస్తానే బ్యాగు గూడా దించకుండా వేళ్లు వెచ్చగా ఉండాయి నాయనా అని అరిచేది.

ఇంకో సంగతి, ఇరిగిన చోట మాత్రమే కట్టితే చాలదు, దానికి పైన ఉండే కీలు, కింద ఉండే కీలు రెండూ కదలకుండా ఉండాలంట. కోడికి వెనక్కి వంగే మోకాలు అని మనం అనుకునేది అసలు మోకాలే కాదంట, అది మన మడమ లాంటిది, నిజం మోకాలు పైన ఈకల్లో దాగుంటాది. నాకు 36 ఏండ్లు వచ్చినాయి, పుట్టినప్పటి నుంచి కోళ్ల మధ్యే పెరిగినా, ఈ సంగతి తెలీదు.

ఇంట్లో చూసుకునేది ఆసుపత్రి పని కన్నా ఎక్కువ. పెద్ద గంప బోర్లించి, కింద గోనెసంచి, దాని మీద వడ్ల ఊక నాలుగు వేళ్ల మందం వేసినాం, మాది కేసీ కాలువ కింద వరి పండే ఊరు కాబట్టి ఊకకి కరువు లేదు, మీకాడ శనక్కాయల పొట్టు ఉంటే అది గూడా మెత్తగానే ఉంటాది. ఉత్త బండల మీద సిమెంటు మీద పెట్టొద్దు, కాలు జారితే కట్టిందంతా వృథా. తడి అయినంత వరకు రోజూ తీసేసి కొత్త ఊక వేయాల, రెట్టలో కూర్చుంటే రొమ్ము కాడ తోలు చెడిపోతాది. నీళ్ల ముంత, మేత ముంత తల చాపితే అందేట్టు పెట్టాల, లేచి నడవాల్సిన పని ఉండగూడదు. గంపని మిగతా కోళ్లు కనపడేచోటే పెట్టమనింది, పూర్తిగా కనపడకుండా దాస్తే మూడు వారాల తర్వాత వదిలినప్పుడు కొత్త కోడి అనుకొని పొడిచి చంపుతాయంట. ఎర్రగా పుండు కనపడినా పొడుస్తాయి, అందుకే గంప అడ్డం ఉండాల.

మేత గురించి జేజికీ డాక్టరమ్మకీ చిన్న వాదన గూడా అయింది. జేజి జొన్నలు సజ్జలు పెడితే చాలంటాది. గుడ్డు పెంకు ఒకదాంట్లో 2 గ్రాముల కాల్షియం దాకా ఉంటాది, మేతలో లేకుంటే కోడి తన ఎముకల్లోంచే తీసి పెంకు కట్టుకుంటాది, ఏడాదంతా గుడ్లు పెట్టే పెట్టకి ఎముక పెళుసైపోయేది అందుకే అని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. అప్పటి నుంచి గుడ్డు పెంకులు పెనం మీద వేయించి, రోట్లో రవ్వ మాదిరి నలగ్గొట్టి వేరే ముంతలో పెడతాండాం, ఎంత కావాలో అదే తింటాది. ఉడికిన గుడ్డు చిదిపి మూడు రోజులకొక తూరి. పొద్దుటి ఎండలో ఒక గంట గంప బయట పెడతాం. మొదటి రెండు రోజులు అది ఏమీ ముట్టలా, జేజి నానబెట్టిన కొర్రలు ఒక్కొక్కటి వేలిమీద పెట్టి తినిపించింది, మూడో రోజు మధ్యాన్నం అదే ముంతలో ముక్కు పెట్టింది.

సంచికి కాళ్లు దూరేట్టు రంధ్రాలు చేసి ఊయల మాదిరి వేలాడదీయొచ్చని విని, జవుళి అంగడి సంచితో చేసి చూసినా. మా పెట్టకి నచ్చలా, గింజుకునింది, వెంటనే తీసేసినా. రెండు కాళ్లూ పనిచేయని కోడికి మేత తినేంతసేపు పనికొస్తాదేమో, ఒక కాలు బాగుండేదానికి అక్కర్లేదు అనింది డాక్టరమ్మ.

ఎనిమిదో రోజు కట్టు మార్పించుకోను పోయినప్పుడు ఆడ ఒక పిల్లోడు నాలుగు నెలల పెట్టను తెచ్చినాడు, దెబ్బ ఏమీ లేదు, ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి చాపి పడుంది. వాడు గూడా మా కట్టు చూసి అట్లే కట్టమని అడిగినాడు. డాక్టరమ్మ కట్టలా, ఇది ఇరుపు కాదు నాయనా, మారెక్స్ అనే జబ్బు మాదిరి ఉండాది, నరాలకి వస్తాది, ఒకటో రోజు పిల్లకే టీకా వేయాల అని చెప్పింది, వాని మొహం చూడలేకపోయినా నేను. అందుకే రాస్తాండా, కుంటే ప్రతి కోడికీ ఎముక ఇరిగినట్టు కాదు. అరికాలి మెత్తలో నల్లటి చెక్కు కట్టి ఉబ్బితే అది ముల్లు గుచ్చుకొని చీము పట్టింది, మనకి యాడ చూసినా కంపచెట్లే కదా, అట్లాంటివే ఎక్కువ వస్తాయంట. కాలికి నైలాన్ దారమో తల వెంట్రుకో చుట్టుకొని తోలులోకి కోసుకుపోయింటాది, పొలుసుల నడుమ కనపడదు, కడిగి వెలుతురులో చూడాల. పచ్చ రెట్ట వేసి, మెడ తిప్పుతా, కాళ్లు పడిపోతే అది కొక్కెర రోగం, ఆ కోడిని వెంటనే వేరు చేయాల, ఆసుపత్రికి గూడా అందరి కోళ్ల నడుమకి తీసుకపోకుండా ముందు ఫోన్ చేసి అడగండి.

ఇంగా బాగుండొచ్చు అనిపించినవి గూడా చెప్తా. కూర్చోను బల్ల ఒకటే, ముసలోళ్లు ఎండలో నిలబడాల. నట్టల మందు, పశువుల మందులు ఉండాయి గానీ కోళ్లకి పనికొచ్చే కట్టు సామాన్లు, చిన్న తూకం కాటా లాంటివి లేవు, మా పెట్టను పక్కన కిరాణా అంగడి కాటాలో తూకం వేయించినాం. గేటుకాడ నవ్విన మనిషి మూడో తూరి పోయేసరికి మా జేజిని చూసి తానే లేచి స్టూలు వేసినాడు, అది గూడా రాయకపోతే అన్యాయం. ఎక్స్‌రే లేనందుకు, వెయిటింగ్‌కి ఒక స్టార్ తీసేసి 5 కి 4 ఇస్తాండా. డాక్టరమ్మకి విడిగా ఇయ్యమంటే ఎన్ని ఉంటే అన్నీ ఇస్తా. కట్టు గుడ్డకి 4, బిగించకుండా చుట్టడం నేర్చుకున్నాకే.

పోవాలనుకుంటే గంపలో గానీ కాళ్లు కట్టి తలకిందులుగా గానీ తీసుకపోవద్దు. అట్టపెట్టెకి పక్కల బొక్కలు పెట్టి, అడుగున గోనెసంచి వేసి, మూత వేస్తే చీకటిగా ఉంటాది, ఆటో కుదుపుకి అదురుకోదు. పొద్దున్నే పోండి, ఎండ ఎక్కితే పెట్టెలో కోడి నోరు తెరిచి రొప్పుతాది. కోడికి ఎప్పుడు తగిలింది, ఏం తినింది, రెట్ట ఎట్లుండాదనేది చూసుకొని పోండి, అవే అడుగుతారు.

22 వ రోజు కట్టు విప్పింది. ఇరిగిన చోట చిన్న బుడిపె మాదిరి గట్టిగా ఉండాది, ఎముక అతుక్కున్నప్పుడు అట్లే వస్తాదంట, నెమ్మదిగా తగ్గుతాది. కాలు రోంత వంకర, నడిమి వేలు కొంచెం బయటికి తిరిగింది, అది అట్లే ఉండిపోతాది అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేలమీద పెడితే మొదట ఆ కాలు ఎత్తుకొనే నిలబడింది, ఆమీట మెల్లగా ఆనించింది, ఒక అడుగు, ఇంకో అడుగు. జేజి రెండు చేతులూ ముందుకి చాపుకొని దాని ఎనకాలే నడిచింది, పడితే పట్టుకుందామని. ఇంగా ఒక వారం గంప కిందే పెట్టమనింది, ఎత్తు మీదికి ఎక్కనీయొద్దు, గూట్లో కర్ర కిందికి దించమనింది. కర్ర జానెడు ఎత్తుకి దించినా. రేకు తలుపు పీకేసి గడపకి తగలకుండా గోనెపట్ట పరదా వేసినా. జేజి మంచం మాత్రం ఇంగా గంప పక్కనే ఉండాది.